అంబ్రోస్ వాసన చూసిన రెండు బస్తాలు

అంబ్రోస్ ట్రాంటర్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిందా, ఉద్యోగంతో అంటుకుందా అన్నది బ్రాక్టన్ ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి బడికి కాపలాదారుగా చేశాడు. బాయిలరు గది, సుద్దముక్కల బీరువా, క్రికెట్ సామాన్ల కొట్టు, అన్నింటి తాళాలూ అతని నడుముకే వేలాడేవి. రిటైరైన రోజున తాళాల గుత్తి అప్పగించేసి ఇంటికొచ్చాడు గానీ, కాపలా బుద్ధిని మాత్రం వెంట తెచ్చేసుకున్నాడు. వంటింట్లో పాలసీసా మీద పెన్సిలుతో గీత గీసేవాడు.

"ఇంట్లో ఉన్నదే ఇద్దరం. నువ్వు తాగకపోతే తాగింది నేనే కదా, గీతెందుకు?" అని భార్య గ్లెనిస్ అడిగితే, "తాగింది నువ్వేనని తెలియడానికి" అనేవాడు. అలాంటివాడితో ఏం వాదిస్తాం?

జీవితం మొత్తమ్మీద అతని అనుమానాల్లో నిజమైనవి రెండే రెండు. బడి వంటశాలలో కొత్తగా చేరిన గ్లెనిస్ తన గిన్నెలో మాత్రం కస్టర్డ్ ఒక గరిటె ఎక్కువ వేస్తోందనీ, దీనివెనక ఏదో ఉందనీ పాతికేళ్ళ వయసులో అనుమానించాడు. ఉంది. ఆర్నెల్లలో పెళ్ళయింది. రెండోది, చర్చి ఫాదరు ఒకసారి రెండు చేతులతో చెయ్యి పట్టుకుని ఊపితే, ఈయనకి మన దగ్గర ఏదో కావాలన్నాడు. మూడో రోజున చర్చి పైకప్పు బాగుచేయించడానికి చందా పుస్తకం పట్టుకుని రానే వచ్చాడు. ఈ రెండింటి బలం మీద మిగతా వెయ్యి అనుమానాలనీ పోషించుకొచ్చాడు మన అంబ్రోస్.

ఆ ఊళ్ళో అతను అనుమానించని మనిషి అంటూ ఉంటే డెస్మండ్ ప్రోబర్ట్ ఒక్కడే. అంబ్రోస్ కన్నా ఆరేళ్ళు పెద్ద. బీరుకి చేదూ వాసనా ఇచ్చేది హాప్ పువ్వు. ఆ పువ్వుని సెప్టెంబరులో కోసి, రాత్రీ పగలూ నిప్పు మీద ఆరబెట్టే బట్టీలో డెస్మండ్ నలభై ఏళ్ళు పనిచేశాడు. గుప్పెడు పువ్వులు తీసుకుని అరచేతుల మధ్య బాగా నలిపి, దోసిట్లో ముక్కు పెట్టి ఒక్క పీల్పు పీల్చేవాడు. "చాలు, దించండి" అంటే దించాల్సిందే. ఏ తోటవి, ఏ ఏడాదివి, ఎండలో కోశారా మంచులో కోశారా, అన్నీ ఆ ఒక్క పీల్పులో చెప్పేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు హాప్ కొనాలంటే అతన్ని బతిమాలి తీసుకెళ్ళేవాళ్ళు.

రిటైరై ఇంట్లో గ్లెనిస్ ప్రాణం తీస్తున్న అంబ్రోస్‌ని షెడ్డులోకి లాక్కెళ్ళి బీరు కాచడం నేర్పింది డెస్మండే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్టుని, నానబెట్టడం, వడగట్టడం, గంటసేపు మరిగించడం, చేదు కోసం మొదట్లో ఒక గుప్పెడు హాప్, వాసన కోసం మంట ఆపేముందు ఇంకో గుప్పెడు. అదీ గోల్డింగ్స్ రకం తప్ప ఇంకోటి పనికిరాదు. రెండు రకాలు కలిపితే ఒకదాని తప్పు ఇంకోటి కప్పేస్తుందట. ఒక్కటే వేస్తే దాక్కోవడానికి చోటుండదట. ఈ మాట డెస్మండ్ ఎన్నిసార్లు అన్నాడో అంబ్రోస్‌కి లెక్కలేదు.

ఊరి పూలపోటీల డేరాలో, క్యారెట్ల బల్లకీ కేకుల బల్లకీ మధ్య ఒక బీరు బల్ల ఉంటుంది. లేత రంగు ఏల్ బీరు, ఒకే రకం హాప్, రెండు గోధుమరంగు సీసాలు, పేరు లేకుండా నంబరు మాత్రమే. ఆగస్టు ఆఖరి శనివారం వూస్టర్ పట్నం నుంచి జడ్జి ఒకావిడ వచ్చి రుచి చూసి కార్డులు పెడుతుంది. మొదటి బహుమతికి ఎర్ర కార్డు, రెండోదానికి నీలం. పదకొండేళ్ళుగా ఎర్ర కార్డు డెస్మండ్‌ది, నీలం కార్డు అంబ్రోస్‌ది. ఆ నీలం కార్డుల్ని అంబ్రోస్ గోడకి వరసగా మేకులు కొట్టి తగిలించుకున్నాడు. చూసినవాళ్ళు మెచ్చుకుంటే అతనికి ఒళ్ళు మండేది.

"ఒక్కసారి గ్లెనిస్. ఒక్కసారి ఎర్రది నా సీసా ముందుండాలి. అరవైతొమ్మిది వచ్చాయి నాకు" అనేవాడు. ఆ మాటన్నప్పుడు మాత్రం అతని గొంతులో వెటకారం ఉండేది కాదు. ఆవిడ కూడా నవ్వేది కాదు.

ఇక ఆ ఏడాది సంగతి. ఫిబ్రవరి నుంచీ డెస్మండ్ వాలకం మారింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని, పొయ్యి మీద ఉల్లిపాయలూ కార్జమూ వేగుతూ ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే, "ఇవాళేం వండుతున్నావమ్మా?" అని గ్లెనిస్‌ని అడిగాడు. వంటకి వంక పెడుతున్నాడని అంబ్రోస్ తేల్చేశాడు. ఇంకోరోజు ఆవిడ యాపిల్ పై అడుగు మాడ్చేసి తెచ్చిపెడితే రెండు ముక్కలు తిని ఆకాశానికెత్తేశాడు. ఈ పొగడ్త దేనికి? ఏం కావాలి ఇతనికి? పోనీ అదీ వదిలేద్దామంటే, కొత్తగా జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకు తిరుగుతున్నాడు. అంబ్రోస్ ఏ బీరు తాగి ఏమన్నా, "ఏ వాసనన్నావూ? నారింజా, నిమ్మా?" అని అడిగి రాసుకుంటున్నాడు. పదకొండేళ్ళు తనకి నేర్పినవాడు తన మాటలు రాసుకోవడమేమిటి? అంబ్రోస్ గుండెలో పురుగు తొలవడం మొదలెట్టింది.

గ్లెనిస్ మాత్రం, "వయసు మీద పడి చాదస్తం వచ్చిందేమో, పాపం" అని ఊరుకుంది. ఆవిడ అంతే, చీమకి కూడా దారిచ్చే రకం.

జూన్ ఆఖర్లో హాడ్జెట్స్ వాళ్ళ హాప్ తోట మూతపడింది. ముసలాయన పోయాక భార్య ఎడిత్ అన్నీ అమ్మేస్తోంది. అటక మీద రెండు బస్తాల గోల్డింగ్స్ దొరికాయనీ, ఏది ఏ ఏడాదిదో చీటీలు ఊడిపోయాయనీ కబురుపెట్టింది. ఒకటి నిరుటిది. ఇంకోటి అంతకన్నా చాలా పాతది. గంధకం పొగ పట్టించి ఆరబెట్టిన హాప్ కనక ఎన్నేళ్ళయినా పచ్చరంగు పోదు. కంటికి రెండూ ఒకటే. స్నేహితులిద్దరూ కలిసి వెళ్ళారు.

డెస్మండ్ రెండు బస్తాల మధ్య నిలబడ్డాడు. చెయ్యి పెట్టలేదు. ముక్కు దగ్గరికి తీసుకోలేదు.

"నువ్వు నలిపి చూడవోయ్ అంబ్రోస్. ఏది మంచిదో నువ్వు చెప్పు" అన్నాడు.

అంబ్రోస్ అనుమానం నిద్రలేచింది. ఈ చుట్టుపక్కల అందరి హాప్‌కీ మంచిచెడ్డా చెప్పే మనిషి తనని అడగడమా? బయటికి చెప్పని లెక్కేదో ఉంది. తను ఏది ఎంచుకుంటాడో చూసి, పుస్తకంలో రాసుకుని, దాన్ని మించింది ఇంకోటి కాచాలని. లేకపోతే తను తప్పు చెబితే పబ్బులో నలుగురిలో నవ్వాలని. ఏదైతేనేం, ఉచ్చు ఉచ్చే.

కుడి బస్తాలోంచి గుప్పెడు తీసి నలిపాడు. నారింజ తొక్క, ఎండుగడ్డి, వెనకాల కాస్త తేనె. ఎడమ బస్తాలోంచి తీసి నలిపాడు. రోజంతా బూట్లలో నానిన మేజోళ్ళ కంపు గుప్పుమంది. ముక్కిపోయిన హాప్ అంటే అదీ. దగ్గొచ్చినంత పనయినా మొహంలో ఒక్క కండ కదలనివ్వలేదు.

"ఎడమదే మంచిది. కుడిది పాడైపోయింది" అన్నాడు.

"ఖాయమా?"

"ఖాయం."

డెస్మండ్ తల ఊపి, ఎడమ బస్తాలోంచి తనకి కావలసినంత తూకం వేయించుకున్నాడు. ఎప్పటిలా చెరి సగం తీసుకుందామంటే, అంబ్రోస్ తన దగ్గర నిరుటివి మిగిలాయన్నాడు. మర్నాడు ఒక్కడే సైకిలు మీద వెళ్ళి, కుడి బస్తాలోంచి సంచీ నింపుకున్నాడు. పాడైన హాప్ దేనికని ఎడిత్ అడిగితే, గ్లెనిస్‌కి నిద్ర పట్టడం లేదు, దిండులో కూరుస్తానన్నాడు. హాప్ దిండు మీద తలపెడితే నిద్ర ముంచుకొస్తుందని అక్కడి ఆడవాళ్ళకి గట్టి నమ్మకం. ముసలావిడ జాలిపడి డబ్బులు కూడా తీసుకోలేదు.

తర్వాత నెలంతా అంబ్రోస్ తన షెడ్డుకి కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాశాడు. తలుపుకి కొత్త తాళం, గడియకి నల్ల దారం. పులిసే బకెట్ మీద మూత కదిలిందేమో చూసుకోవడానికి అంచున ఒక గోధుమగింజ. సీసాల్లో పట్టాక వాటి మీద గోనెపట్టా, పట్టా మీద పాత పేపర్లు. కాచిన బీరు మాత్రం, నిజం చెప్పాలంటే, అతని పదకొండేళ్ళలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

పోటీ ఇంకా రెండు వారాలుందనగా డెస్మండ్ ఒక సీసా పట్టుకుని వచ్చాడు. మూత తీసి రెండు గ్లాసుల్లో పోశాడు. చూపుకి దివ్యంగా ఉంది, బంగారు రంగు, పైన తెల్లటి నురగ. అంబ్రోస్ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడో లేదో కంపు గుప్పుమంది. అవే మేజోళ్ళు. ఒక గుక్క మింగి కళ్ళు పైకెత్తాడు. డెస్మండ్ తన గ్లాసు సగం తాగేసి, పుస్తకమూ పెన్సిలూ తీసి కూర్చున్నాడు.

"చెప్పు. ఎలా వచ్చింది?"

అంబ్రోస్ బుర్ర గిర్రున తిరిగింది. ఇతను డెస్మండ్ ప్రోబర్ట్. ఈ కంపు ఇతనికి తెలియకపోవడమేమిటి? తెలుసు. తెలిసే మంచినీళ్ళలా తాగుతున్నాడు. అంటే ఇది పోటీకి పెట్టే బీరు కాదు. మంచి హాప్ ఎక్కడో సంపాదించి అసలుది దాచిపెట్టుకున్నాడు. ఈ చెత్త సీసా నా నాలిక పరీక్షించడానికి తెచ్చాడు. బస్తాల దగ్గర నేను అబద్ధమాడానని కనిపెట్టి, ఇప్పుడు నా నోటితోనే ఒప్పించాలని చూస్తున్నాడు. ఇలా సాగాయి అతని లెక్కలు, ఒకదాని మీద ఒకటి, ఇటుకల్లా.

"బ్రహ్మాండంగా ఉంది. నీ నిరుటిదాన్ని మించిపోయింది" అన్నాడు.

డెస్మండ్ మొహం చాటంతయింది. పుస్తకంలో రాసుకున్నాడు. వెళ్ళేముందు అంబ్రోస్ భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం అలా ఉంచేశాడు. ఎప్పుడూ చెయ్యని పని. దాన్నీ అంబ్రోస్ అనుమానాల జాబితాలోనే చేర్చేసుకున్నాడు.

పోటీ ఇంకా వారముందనగా, పోస్టాఫీసులో ఎడిత్ హాడ్జెట్స్ గ్లెనిస్‌ని పట్టుకుని, దిండు పనిచేస్తోందా, నిద్ర పడుతోందా అని అడిగిందట. గ్లెనిస్‌కి ముందు అర్థం కాలేదు. దారిలో అర్థమయింది. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నా దిండేదీ?" అంది.

అంబ్రోస్ ఇక లాభం లేదని అంతా కక్కేశాడు. కక్కుతూనే సమర్థించుకున్నాడు. డెస్మండ్‌కి అన్నీ తెలుసనీ, నటిస్తున్నాడనీ, ఆ భుజం మీద చెయ్యి కూడా నాటకమనీ. గ్లెనిస్ అంతా విని కుర్చీలో కూర్చుంది. నలభై మూడేళ్ళుగా ఈ అనుమానాల్ని నవ్వుతూ మోసిన మనిషి. ఆరోజు నవ్వలేదు.

"అతను నటించడం లేదు. ఎందుకో నాకు తెలియదు గానీ, నిన్ను నమ్మాడు. వెళ్ళి చెప్పు. వారం టైముంది, ఆ బీరు పెట్టకుండా మానుకుంటాడు."

"చెబితే నా సంగతేంటి? ఊళ్ళో మొహమెత్తుకోగలనా?"

"చెప్పకపోతే ఎత్తుకోగలవా?"

వెళ్ళాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. డెస్మండ్ ఇంటి గేటు దాకా వెళ్ళాడు. అంత ఎండలో షెడ్డు తలుపు మూసి ఉంది, లోపల్నుంచి సీసాల చప్పుడు వస్తోంది. చూశావా, అసలు సీసాలు సర్దుకుంటున్నాడు, అనుకున్నాడు. అనుకోగానే పాదాలు వాటంతటవే వెనక్కి తిరిగాయి. ఇంటికొచ్చి, డెస్మండ్ ఇంట్లో లేడని చెప్పాడు. గ్లెనిస్ పొయ్యి వైపు తిరిగింది. ఆ వారమంతా అన్నం పెట్టింది, టీ ఇచ్చింది, మాట మాత్రం లేదు.

శనివారం రెండింటికి డేరా తెరిచారు. అంబ్రోస్ జనాన్ని తోసుకుంటూ బీరు బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఎర్ర కార్డు నాలుగో నంబరు ముందుంది. నాలుగు అతనిదే. పోస్టుమాస్టరమ్మ వీపు మీద చరిచింది, చర్చి ఫాదరు రెండు చేతులతో చెయ్యి ఊపాడు. పదకొండేళ్ళ కోరిక. కళ్ళు చెమ్మగిల్లాయి. అంత సంతోషమూ నిజమే, దాన్ని కాదనలేం.

బల్ల ఆ చివర ఏడో నంబరు సీసా ఉంది. దాని ముందు ఏ రంగు కార్డూ లేదు. జడ్జి చేతిరాతతో చీటీ ఒకటి ఉంది. "హాప్ పూర్తిగా ముక్కిపోయింది. ఇంత మంచి చేతిపనితో ఇది ఎలా పెట్టారో అర్థం కాలేదు." జనం ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు చదువుతున్నారు. పోస్టుమాస్టరమ్మ సీసా వాసన చూసి కొంగలా మెడ వెనక్కి లాక్కుంది. ఎవరిదబ్బా ఇది అని ఎవరో అన్నారు.

"నాదే" అన్నాడు డెస్మండ్.

జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. డెస్మండ్ చీటీ చదివాడు. రెండోసారి చదివాడు. గ్లాసు నిండా పోసుకుని, అందరూ చూస్తుండగా నింపాదిగా తాగాడు. కనుబొమ్మ కదల్లేదు. "చేదు సరిగ్గానే ఉందే" అన్నాడు, తనలో తను. హాస్యమాడుతున్నాడనుకుని జనం నవ్వారు, ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

అంబ్రోస్ నవ్వలేదు. దాచిపెట్టిన సీసా ఏదీ లేదు. ఉచ్చు లేదు. ఈ మనిషికి వాసన తెలియడం లేదు. తల కొట్టేసినట్టయింది అతనికి.

డెస్మండ్ నేరుగా వచ్చి చెయ్యి కలిపి, తనే అతన్ని డేరా వెనక్కి తీసుకెళ్ళాడు. అంబ్రోస్ పోటీకి పెట్టిన రెండు సీసాల్లో తెరవని రెండోది పట్టుకుని గ్లెనిస్ కూడా వెనకే వెళ్ళింది. డెస్మండ్ మెల్లిగా చెప్పుకొచ్చాడు. జనవరిలో వచ్చిన జ్వరం తగ్గింది గానీ ముక్కు పోయింది. డాక్టరు వయసన్నాడు. ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ళు ఆ ముక్కు తప్ప తన దగ్గర ఇంకేముంది?

"నువ్వు ఎప్పుడో పట్టేసుంటావనుకున్నాను. నీ కన్నుగప్పి ఏదీ పోదు కదా. పట్టేసి కూడా బయటపెట్టకుండా నా తరఫున వాసన చూసిపెడుతున్నావనుకున్నా. ఆ బస్తా విషయంలో నీ తప్పేం లేదు. నా షెడ్డు చెమ్మకి పాడై ఉంటుంది."

గ్లెనిస్ మొగుడి వంక చూడలేదు. గడ్డి వంక చూస్తూ నిలబడింది.

"షెడ్డు కాదు డెస్మండ్. బస్తాలోనే పోయింది. నాకు తెలుసు. తెలిసే అదిచ్చాను" అన్నాడు అంబ్రోస్.

డెస్మండ్ తలెత్తి చూశాడు. "మరి ఆరోజు నా సీసా తాగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"ఎందుకు?"

"నువ్వు నాతో ఆటాడుతున్నావనుకున్నా. ఎర్ర కార్డు నాకు కావాలనిపించింది. సిగ్గుపడుతున్నాను."

డేరాలో బాండు మేళం మొదలైంది. డెస్మండ్ తిట్టలేదు. తిడితే బాగుండునని అంబ్రోస్ ప్రాణం గిలగిల్లాడింది. డెస్మండ్ గ్లెనిస్ చేతిలోంచి సీసా తీసుకుని, మూత విప్పి, గ్లాసులో పోసి ఒక గుక్క తాగాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"నాకు చేదొక్కటే తెలుస్తోంది. ఎలా ఉందో చెప్పు" అన్నాడు.

అంబ్రోస్ గ్లాసు అందుకుని తాగాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. ముందు నారింజ తొక్క వస్తుందన్నాడు. తర్వాత ఎండుగడ్డి, మింగాక కాస్త తేనె. మాల్టు కొంచెం తక్కువైంది, మధ్యలో పలచనన్నాడు. "నీ నిరుటి బీరంత బాగాలేదు. దాని ముందు ఇది నిలవదు" అన్నాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో.

డెస్మండ్ కడదాకా విన్నాడు. పుస్తకం బయటికి తియ్యలేదు. అంబ్రోస్ చేతిలోంచి గ్లాసు తీసుకుని గ్లెనిస్ వైపు చాచాడు.

"నువ్వొక్కసారి తాగి చెప్పు తల్లీ. ఇతను చెప్పింది నిజమేనా?"

గ్లెనిస్ తాగింది. "నిజమే" అంది. అప్పుడు గానీ డెస్మండ్ తల ఊపలేదు.